పట్టుదలగారూ, ఈసారి వాచ్‌నైట్‌కి రావద్దండీ

అయ్యా పట్టుదలగారూ,

కోనసీమ నుంచి వందనాలండీ. డిసెంబర్ ఆఖరుకొచ్చింది. ముప్పై ఒకటో తారీఖు రాత్రి ఎప్పట్లాగే తెల్లచొక్కా వేసుకుని, చర్చిలో నా పక్కన కూర్చోడానికి బయల్దేరుతుంటారు. ప్రయాణం మానుకోమని చెప్పడానికే ఈ ఉత్తరం.

మీ సేవలు మరిచిపోలేదు. పన్నెండు కొట్టగానే పళ్లెంలోంచి వాగ్దానం కార్డు తీసుకుంటాను. దాని మీద దేవుడు చేస్తానన్న మాట ఉంటుంది. ఇంటికొచ్చాక కొత్త డైరీలో నేను చేస్తానన్న మాటలు మీరు రాయిస్తారు. తెల్లారి నాలుగింటికి లేవాలి. కోపం మానాలి. బైబిలు మొత్తం 1189 అధ్యాయాలు, మామూలు రోజున మూడు, ఆదివారం ఐదు చొప్పున ఏడాదిలో ముగించాలి. పొద్దున్నే చూస్తే డైరీ బల్ల మీద ఉంటుంది, కార్డు ఎక్కడో పడిపోయి ఉంటుంది.

ఆ లెక్క ప్రకారం భోగి నాటికి నేను యోసేపు కథలో ఉండాలి. పోతీఫరు భార్య తప్పుదారికి లాగబోతే ఆమె చేతిలో పైబట్ట వదిలేసి పారిపోయాడే, ఆ యోసేపు. నేను మాత్రం కోడిపందేల బరి దగ్గరున్నాను. "చూడ్డానికేగా, కాయడానికి కాదుగా" అన్నది మీరే. యేసు శిష్యుడు పేతురు కూడా మిమ్మల్ని నమ్మినవాడే లెండి. అందరూ వదిలేసినా నేను వదలనని ప్రభువు ముందే చెప్పి, కోడి కూసేలోగా ఆయనెవరో తెలియదని మూడుసార్లు బొంకాడు. నా విషయంలో కోడి కూయక్కర్లేదు, కాలికి కత్తి కట్టుకుని బరిలో దిగితే చాలు. పేతురు బయటికెళ్లి ఏడ్చాడు. నేను ఇంటికెళ్లి డైరీలో తారీఖు మార్చి అవే మాటలు మళ్లీ రాశాను. బైబిల్లో మూడో పుస్తకం లేవీయకాండం సంగతి ఎత్తను. అక్కడిదాకా ఏ ఏడాదీ మనం చేరింది లేదు.

అసలు పరువు పోయింది దాళ్వా, అంటే రెండో పంట, నాట్లప్పుడండీ. మా చేను కాలువ శివారున ఉంది. తమ్ముడి చేను నాకు పైన. నీళ్లు నా వంతు వచ్చిన రోజున వాడు బోదెకి, అదే మా పిల్లకాలువకి, అడ్డకట్ట వేశాడు. కోపం మానాలని రాసిన పేజీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. గుర్తుండగానే వాణ్ణి అనరాని మాటలన్నాను. ఆ తర్వాత ఒకే చర్చిలో, చెరో గోడవార కూర్చుని ఎండాకాలమంతా గడిపాం. మీరు నా వైపే కూర్చున్నారు.

బైబిల్లో రోమా పత్రిక 7వ అధ్యాయంలో అపొస్తలుడు పౌలుదీ ఇదే గోడు. చేయాలనుకున్న మేలు చేయలేకపోతున్నాను, వద్దనుకున్న కీడే చేస్తున్నాను అంటాడు. ధర్మశాస్త్రం పొల్లుపోకుండా పాటించే పరిసయ్యుడిగా బతికినవాడు, మీతో పరిచయం లేదనలేం. అయినా చివరికి ఆయన అడిగింది నన్నెవడు విడిపిస్తాడని. ఎలా విడిపించుకోవాలని కాదు. ఇన్నేళ్లూ నేను ఆ రెండో ప్రశ్న పట్టుకునే వేలాడాను.

1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేయకముందు ఇక్కడ సేద్యం చేసినవాళ్లకి మీరు కరువా? చేతులు బొబ్బలెక్కేలా కష్టపడేవాళ్లు. కరువల్లా నీళ్లకే. ఇప్పటికీ కాలువ ఎండితే ఆయిలింజిను ఎంతసేపు కొట్టినా పైకొచ్చేది బురదే. మీరు ఆ ఇంజినండీ. చప్పుడు బాగా చేస్తారు.

"అయితే రైతు గట్టు మీద పడుకోవచ్చా?" అని మీరు అంటారని తెలుసు. మాలో అలాంటివాళ్లూ ఉన్నారు. అంతా ప్రభువే చూసుకుంటాడంటారు, చేబదులు తీసుకున్నది మాత్రం తిరిగివ్వరు. బోదెలో నీళ్లకి అడ్డుపడే గుర్రపుడెక్క కలుపు తీయాల్సింది నేనే. నీళ్లు పుట్టించే పని మాత్రం నాది కాదు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో భయంతో, వణుకుతో పని చేసుకోమన్న వెంటనే, ఆ పని చేయాలన్న ఇచ్ఛ పుట్టించేవాడు కూడా దేవుడేనని ఉంది. ఇచ్ఛ కూడానట! మీ శాఖే ఆయన చేతిలో ఉందండీ, మీకు తెలిసినట్టు లేదు.

పోయిన ఏడాది ఇది అర్థమై ఎంత పొంగిపోయానంటే, "ఈ ఏడాది పూర్తిగా దేవుని మీదే ఆధారపడాలి" అని రాసి కింద రెండు గీతలు గీశాను. ఏ రోజు ఎంత ఆధారపడ్డానో టిక్కులు పెట్టడానికి గళ్లు కూడా గీశాను. వారం తర్వాత చూస్తే ఆ దస్తూరీ మీదే.

మేలో కాలువలు కట్టేశాక ఒక రాత్రి ప్రార్థనలో ఉన్నమాట చెప్పేశాను. "వాణ్ణి క్షమించాలని నాకు లేదు ప్రభువా. అనిపించేలా చేయడం నీ పని" అన్నాను. ఏ వెలుగూ కనబడలేదు, నిద్ర పట్టేసింది. జూన్‌లో నీళ్లు వదిలేముందు గుర్రపుడెక్క తీయడానికి దిగితే, అవతలి చివర్న తమ్ముడు అదే పని చేస్తున్నాడు. "ఏరా, టీ తాగావా?" అని నా నోట్లోంచి వచ్చింది. ఆ మాట డైరీలో ఏ పేజీలోనూ లేదండీ.

కొత్త డైరీ మా ఆవిడ పాలలెక్కకి తీసుకుంది. వాచ్‌నైట్‌లో నా పక్క కుర్చీలో తమ్ముడు కూర్చుంటానన్నాడు. ఖాళీ లేదు, ఏమీ అనుకోకండి.

ఉంటానండీ.