బొమ్మ ఎలుగుబంటికి దూది పడదట

మా కుక్క బ్రౌనీ గోక్కోవడం మొదలుపెట్టిన మూడో రోజుకే మా చుట్టాల్లో సగం మంది పశువుల డాక్టర్లయిపోయారు. పాపం, దాని బాధ అలాంటిది. కాసేపు తోక మొదట్లో కొరుక్కునేది, కాసేపు వెనక కాలితో డొక్కలో దడదడా గోక్కునేది. అర్ధరాత్రి ఆ చప్పుడుకి ఎవరో తలుపు కొడుతున్నారనుకుని నేను రెండుసార్లు లేచి వెళ్ళి తీశాను కూడా.

మొదటి ఫోన్ బాబాయిది. రోజూ రెండు వెల్లుల్లి రెబ్బలు తినిపిస్తే ఆ వాసనకి పురుగూ పుట్రా దగ్గరికి రావన్నాడు. మా ఆవిడ ఫోన్ లాక్కుని, "మామయ్యగారూ, ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఒంట్లో ఎర్ర రక్తకణాల్ని చిట్లగొడతాయండీ. రక్తం తగ్గిపోతుంది" అంది. అవతల కాసేపు నిశ్శబ్దం. "అయితే ఒక్క రెబ్బే పెట్టండమ్మా" అని డోసు తగ్గించాడు బాబాయి.

తర్వాత వదిన. అంబర్ పూసల దండ మెడలో వేస్తే, అవి బొచ్చుకి రాసుకుని కరెంటు పుట్టి, పురుగులు పారిపోతాయట. షాక్ కొట్టే నగ అన్నమాట.

ఇద్దర్నీ చూసి నేను నవ్వుకున్నాను. నేను సైన్సు మనిషిని కదా! అందుకే ల్యాబ్ టెస్టుకి ఆర్డరిచ్చాను. కుక్క వెంట్రుకలు కవర్లో పెట్టి పోస్ట్ చేస్తే, దానికి ఏమేం పడవో చెబుతారట. కవరు మీద బార్‌కోడ్ ఉంది. బార్‌కోడ్ ఉన్నదేదైనా సైన్సే అని నా నమ్మకం.

బ్రౌనీకి కత్తెర కనిపిస్తే చాలు, మంచం కిందికి దూరుతుంది. అందుకని అది నిద్రపోయేదాకా ఆగాను. లైటు వేస్తే లేస్తుందని వెయ్యలేదు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. పరుపు మీద గోధుమరంగు బొచ్చుముద్ద ఒకటి చేతికి తగిలింది. మెల్లగా ఒక కుచ్చు కత్తిరించాను. కదల్లేదు. ఇంకో కుచ్చు కత్తిరించాను. ఊహూఁ, ఉలుకూ పలుకూ లేదు. ఎంత బుద్ధిమంతురాలివే తల్లీ అని వీపు నిమిరి మరీ వచ్చాను.

రెండు వారాలకి రిపోర్టు వచ్చింది. రంగురంగుల గ్రాఫులతో తొమ్మిది పేజీలు. కోడిమాంసం పడదు, గోధుమ పడదు, గుడ్డు పడదు. ఉన్ని మధ్యస్థం. దూది తీవ్రం. కాలేయం మీద ఒత్తిడి ఉంది, జీర్ణశక్తి బలహీనం. ఇంత జబ్బుతో ఇన్నాళ్ళూ తోక ఎలా ఊపిందో అని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ రోజు నుంచి పథ్యం. గిన్నె దగ్గర బ్రౌనీ నావైపు చూసే చూపు భరించలేక నేను పక్క గదిలోకి వెళ్ళిపోయేవాణ్ణి. నాలుగో రోజుకి, "చూశావా, గోకడం బాగా తగ్గింది" అన్నాను. మా ఆవిడ ఏమీ అనకుండా ఒక నోట్‌బుక్ తెచ్చింది. రోజూ రాత్రి పది నిమిషాలు కూర్చుని ఎన్నిసార్లు గోక్కుందో గీతలు పెడుతోందట. పథ్యానికి ముందు పదకొండు. ఆ రోజు పన్నెండు.

"కానీ ఇప్పుడు ప్రశాంతంగా గోక్కుంటోంది" అన్నాను.

ఆ మాట పూర్తవలేదు, మా పాప తన బొమ్మ ఎలుగుబంటిని పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. "నాన్నా, దీనికి వెనకాల బట్టతల ఎవరు చేశారు?" బొమ్మ వీపు మీద రెండు నున్నటి మచ్చలు, నీటుగా కత్తెర పెట్టినట్టు. బ్రౌనీ రోజూ దాన్ని లాక్కెళ్ళి పక్కలో పెట్టుకునే పడుకుంటుందన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది.

మా ఆవిడ రిపోర్టు తీసుకుని మళ్ళీ మొదటి నుంచి చదివింది, ఈసారి పైకి. "దూది, తీవ్రం" దగ్గరికొచ్చేసరికి ఇక చదవలేకపోయింది. ఎలుగుబంటి పొట్ట నిండా ఉన్నదే దూది.

మర్నాడు అసలు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన రిపోర్టు పక్కన పెట్టి, సన్నపళ్ళ దువ్వెనతో బ్రౌనీ తోక మొదట్లో దువ్వారు. రాలిన నల్లటి పొడిని తడిపిన తెల్ల టిష్యూ మీద దులిపారు. చూస్తుండగానే ఒక్కో నలుసు చుట్టూ ఎర్రటి మరక పాకింది. "ఇది మట్టి కాదండీ, ఫ్లీల రెట్ట. మీ కుక్క రక్తమే, అరిగి బయటికొచ్చింది" అన్నారు. ఫ్లీలంటే ఆ గెంతే పురుగులు. వాటి ఎంగిలి పడని కుక్కలు అవి కొన్నిసార్లు కుట్టినా చాలు, ఇలా పీక్కుంటాయట. గుడ్లూ పిల్లపురుగులూ ఎక్కువగా ఉండేది కుక్క మీద కాదు, పరుపుల్లో, సోఫా సందుల్లో. అందుకని దానికి మందు, ఇంటికి వాక్యూమ్, పక్కబట్టలకి వేడినీళ్ళు.

ఎలుగుబంటి కథ చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. చర్మవ్యాధుల పశువైద్యులు ఇద్దరు ఇలాంటి టెస్టుకే కుక్కల వెంట్రుకలతో పాటు కృత్రిమ బొచ్చు, లాలాజలం బదులు ఉత్త ఉప్పునీళ్ళు పంపారట. వాటికీ ఎలర్జీలున్నాయని రిపోర్టులొచ్చాయి. 2019లో ఆ పరిశోధన అచ్చయింది. తిండి ఎలర్జీ తేల్చాలంటే దాదాపు 8 వారాలు ఎంచిన ఒకే తిండి పెట్టి, ఆ తర్వాత పాతది మళ్ళీ పెట్టి చూడాలట. దానికి బార్‌కోడ్ ఉండదు.

"మరి నాలుగో రోజుకే నాకు తగ్గినట్టు ఎందుకు కనిపించింది డాక్టర్‌గారూ?"

"ఉత్తుత్తి మందు వేసిన కుంటి కుక్కల్ని కూడా బాగా నడుస్తున్నాయని చెప్పిన యజమానులు ఉన్నారండీ. మీ పథ్యం పనిచేసింది. కాకపోతే కుక్క మీద కాదు."

మందు వేసిన నెలకి మా ఆవిడ నోట్‌బుక్‌లో గీత ఒకటో రెండో. బాబాయి మాత్రం అది తను చెప్పిన వెల్లుల్లి వల్లే తగ్గిందని అందరికీ చెబుతున్నాడు. మేం పెట్టలేదన్నా వినడు.

రిపోర్టు చించేద్దామంటే పాప ఒప్పుకోలేదు. తన బొమ్మల వంటింటి గోడకి అంటించుకుంది. నిన్న సాయంత్రం ఉత్తుత్తి గిన్నెల్లో అందరికీ గుడ్డు వడ్డిస్తూ, ఎలుగుబంటి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. "నీకు పడదు కదరా" అని దాని గిన్నె బోర్లించింది.