‘క్వెరీ పడింది సార్’

పొద్దున ఎనిమిదిన్నరకి పిన్ని చేతికి క్యాన్యులా, అదే మందు ఎక్కించే సన్న గొట్టం, పెట్టారు. సాయంత్రం ఆరింటికి తీసేశారు. ఈ మధ్యలో దాంట్లోంచి ఒక్క చుక్క మందు లోపలికి పోలేదు.

నాలుగు కీమోలు అయినోళ్ళకి నరం దొరకడం అంటే ఏంటో ఇంట్లో ఈ జబ్బు చూసినోళ్ళకే తెలుస్తుంది. ఎడమ వైపు ఆపరేషన్ అయింది కాబట్టి ఆ చేతికి గుచ్చొద్దు. మిగిలింది కుడి చెయ్యి ఒక్కటే. నరాలన్నీ నల్లబడి తాళ్ళలా గట్టిపడ్డాయి. సిస్టర్ వేడి గుడ్డ చుట్టింది, మణికట్టు మీద తట్టింది, రెండుసార్లు గుచ్చి తీసింది, మూడోసారి బొటనవేలు పక్కన దొరికింది. దొరికింది అనగానే పిన్ని నవ్వింది. శాలువా కప్పుకుని, పెరుగన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కీమో వార్డులో ఏసీ ఎంత చల్లగా ఉంటుందో ఇప్పుడు మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఇన్సూరెన్స్ అప్రూవల్ రానిదే ఫార్మసీ నుంచి మందు రాదన్నారు.

పిన్నిది హెర్2 పాజిటివ్ అనే రకం రొమ్ము క్యాన్సర్. ఆరు కీమోలు, 21 రోజులకోసారి, వాటితోపాటు ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్. ఇదంతా డాక్టర్ మొదట్లోనే ఒకే కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం చూసే ఇన్సూరెన్స్ వాళ్ళు నాలుగు కీమోలకి సరే అన్నారు. ఐదో దానికి ఒక అనుమానం వచ్చింది. ఈమెకి థైరాయిడ్ మొదట ఎప్పుడు బయటపడింది? మొట్టమొదటి ప్రిస్క్రిప్షన్ కావాలి.

థైరాయిడ్‌కీ రొమ్ములో గడ్డకీ ఏం సంబంధం అని ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ కాగితాలు చూసే టీపీఏ డెస్క్ దగ్గర అడిగాను. "సంబంధం కాదు సార్, పాలసీ తీసుకునేటప్పుడు చెప్పిండ్రా లేదా అని చూస్తరు" అన్నాడు ఆ అబ్బాయి. అతని మీద నాకు కోపం లేదు. పొద్దున లేస్తే అందరి తిట్లూ తినే ఉద్యోగం. పాపం, స్క్రీన్ కూడా నా వైపు తిప్పి చూపించాడు. "క్వెరీ పడింది సార్. మా చేతిల ఏం లేదు."

క్వెరీ పడటం. వాన పడ్డట్టు, పిడుగు పడ్డట్టు. ఎవరూ వేయలేదు, అదే పడింది.

సరే, రూల్స్ చదువుకున్నా. వార్డు బయట కుర్చీలో కూర్చుని ఇంకేం చేస్తాం. ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్, అంటే కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం, అడిగితే గంటలోపు తేల్చాలి. డిశ్చార్జ్ అప్పుడు మూడు గంటల్లో ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా ఏమైనా వేస్తే ఆ డబ్బు ఇన్సూరెన్స్ కంపెనీయే, అదీ తన వాటాదార్ల సొమ్ములోంచి పెట్టుకోవాలి. ఐదేళ్ళు ఆగకుండా ప్రీమియం కట్టిన పాలసీ మీద, మోసం అని రుజువైతే తప్ప, పాత జబ్బు చెప్పలేదని పేచీ పెట్టకూడదు. ఇంతకుముందు ఇది ఎనిమిదేళ్ళు. బాబాయి 2016 నుంచి కడుతున్నాడు, ఒక్క ఏడు తప్పలేదు. అంటే పాత లెక్కలోనూ మేం గట్టెక్కినోళ్ళమే. అలాంటప్పుడు థైరాయిడ్ కాగితం దేనికి?

ఈ రూల్స్ రాసిన ఆఫీసు ఎక్కడో ఢిల్లీలోనో ముంబైలోనో లేదు. మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది. నేను రోజూ ఆఫీసుకి పోయే దారే.

మరి గంటలో తేల్చలేదా అంటే, జవాబు గంటలోపే ఇచ్చారండీ. ఆ జవాబు పేరే క్వెరీ. కిటుకంతా ఇక్కడే ఉంది. కాదని చెప్పాలంటే వాళ్ళ రివ్యూ కమిటీ ఒప్పుకోవాలి, ఏ క్లాజు కింద కాదంటున్నారో రాసివ్వాలి. అలా రాసిస్తే మన చేతికి ఒక కాగితం వస్తుంది, దాన్ని పట్టుకుని కొట్లాడొచ్చు. క్వెరీకి అదేం ఉండదు. ఎవరూ కాదనలేదు, ఎవరూ అవుననలేదు, అడిగారంతే. ఒకటి ఇస్తే ఇంకోటి అడుగుతారు. మాకు ఆ రోజు మూడు పడ్డాయి. రెండోది బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ అప్పుడే ఇచ్చాం. మూడోది పడేసరికి సాయంత్రం ఐదు.

ఆసుపత్రిని కూడా వదిలిపెట్టను. మమ్మల్ని ఏడున్నరకే రమ్మన్నారు, టీపీఏ డెస్క్ తెరిచేది పదింటికి. అప్రూవల్ రాకముందే గుచ్చడం ఎందుకు? బెడ్ ఖాళీగా ఉండొద్దు కాబట్టి.

థైరాయిడ్ కాగితం కోసం మర్నాడు బాబాయి సూర్యాపేట బస్సెక్కాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ డాక్టరు క్లినిక్ ఎప్పుడో మూసేశారు, ఇప్పుడక్కడ మొబైల్ షాపు. చివరికి పాత ఇంట్లో బీరువా అడుగున, రేషన్ కార్డు జిరాక్సుల మధ్య ఒక చీటీ దొరికింది. మడతల దగ్గర చిరిగి, మూలన పసుపు మరకతో. దాన్ని ఫొటో తీసి నాకు వాట్సాప్ చేసి, "ఇదేనారా వాళ్ళకి గావల్సింది?" అని అడిగాడు. పాలసీ తీసుకున్న తర్వాతి తేదీ ఉంది దాని మీద. అంటే దాచడానికి అప్పటికి జబ్బే లేదు. అది అప్‌లోడ్ చేశాక కూడా రెండు రోజులు 'పరిశీలనలో ఉంది' అనే చూపించింది.

ఆరో రోజు నేను కార్డు గీకి 78 వేలు కట్టేశా. పిన్నికి మందు ఎక్కింది. రీయింబర్స్‌మెంట్ పెట్టుకోండి అన్నారు, పెట్టుకున్నాం. ఇంకా రాలేదు.

చాలామంది ఫోన్ చేసి సలహాలిచ్చారు. కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టు, ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు వెయ్యి, 155255కి ఫోన్ చెయ్యి, లక్డీకాపూల్‌లో బీమా తగాదాలు తీర్చే అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది పో. అన్నీ మంచివే. అంబుడ్స్‌మన్ దగ్గర ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా కేసులు వింటారు. కానీ ముందు కంపెనీకి రాసి, వాళ్ళు కాదన్నాక గానీ, నెలరోజులు పలక్కపోతే గానీ అక్కడికి పోలేం. నెల! కీమోకి కీమోకి మధ్య ఉన్నదే 21 రోజులు. ఆ దారి డబ్బులు రాబట్టుకోవడానికి పనికొస్తుంది, మందు టైముకి ఎక్కించడానికి కాదు.

దొంగ బిల్లులు పెట్టేవాళ్ళు ఉన్నారు, ఆసుపత్రులూ తక్కువ తినలేదు, వాళ్ళ భయం వాళ్ళది. చూసుకోండి. కానీ ఆరు కీమోలని మొదటి రోజే తెలిసినప్పుడు ఆరింటికీ కలిపి ఒకేసారి చూసుకోవచ్చు గదా. అడగాల్సినవన్నీ ఒకే విడతలో అడగొచ్చు గదా. ప్రీమియం కట్టే రోజు మమ్మల్ని ఒక క్వెరీ వేయనిస్తారా? గడువు దాటితే మెసేజ్ మీద మెసేజ్.

నిన్న ఆరో కీమో తేదీ చెప్పడానికి దిల్‌సుఖ్‌నగర్ పోయాను. ఫైలు సర్దుతుంటే పిన్ని చేతికి కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చుంది, ఆ నల్లటి నరాల మీద. డబ్బులు ఎప్పుడొస్తాయని బాబాయి అడిగాడు. పిన్ని అది అడగలేదు.

"బిడ్డా, ఈసారి అప్రూవల్ వచ్చినంకనే గుచ్చమని చెప్తవా సిస్టర్‌కి?" అంది.