377 పోయింది, ఎన్‌ఓసీ వచ్చింది

"377 తీసేశారు కదా, ఇంకా ఏంటి మీ గోల?" అని, స్వలింగ ప్రేమని నేరం చేసిన ఆ పాత ఐపీసీ సెక్షన్ గురించి అనేవాళ్ళు నా ఫ్రెండ్స్ లిస్టులోనే బోలెడుమంది ఉన్నారు. వాళ్ళతో చట్టాల గురించి వాదించే ఓపిక నాకు లేదు. ఓనిర్ అని ఒక డైరెక్టర్ ఉన్నాడు, ఆయన కెరీర్‌ని ఒక్కసారి వరసగా చూడండి చాలు.

అసలు పేరు అనిర్బన్ ధర్. భూటాన్‌లో పుట్టిన బెంగాలీ. జాదవ్‌పూర్‌లో సాహిత్యం చదివాడు, బెర్లిన్‌లో ఎడిటింగ్ నేర్చుకున్నాడు, బొంబాయి వచ్చి దర్శకురాలు కల్పనా లాజ్మీ దగ్గర పనిచేశాడు. "నేను గే" అని దాపరికం లేకుండా చెప్పుకున్న దర్శకులు హిందీ సినిమాలో ఎంతమంది? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మొదటి సినిమా 'మై బ్రదర్ నిఖిల్', 2005. అప్పటికి 377 దర్జాగా అమల్లో ఉంది. గోవాలో ఒక స్విమ్మింగ్ ఛాంపియన్‌కి హెచ్‌ఐవీ అని తేలుతుంది. అతను పూల్‌లోకి దిగితే మిగతావాళ్ళు ఒక్కొక్కరే గట్టెక్కి వెళ్ళిపోతారు. ఎవరూ తిట్టరు, అరవరు. ఆ సీన్ చూసినప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. అమ్మానాన్నలు దూరం పెట్టినా అక్క జూహీ చావ్లా, ప్రేమికుడు నైజెల్ మాత్రం వదలరు. వాళ్ళిద్దరి ప్రేమ గురించి సినిమా మనకి క్లాసు పీకదు, సంజాయిషీ ఇవ్వదు. 2005లో అలా తీయడం మామూలు విషయం కాదు.

దీని వెనక జరిగిన కథ ఇంకా ఘోరం. 1989లో డొమినిక్ డిసౌజా అనే గోవా మనిషిని హెచ్‌ఐవీ ఉందన్న ఒకే కారణంతో వాడకంలో లేని టీబీ ఆసుపత్రిలో 64 రోజులు బంధించారు. సినిమా మొదట్లో మాత్రం "ఇదంతా కల్పితం" అని వేయాల్సొచ్చింది. సర్కారే చేసిన పని, సర్కారు కోసమే కల్పితం అనాలి!

అయినా ఆ సినిమాని యశ్‌రాజ్ వాళ్ళు థియేటర్లలో విడుదల చేశారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆయన తీసినవన్నీ గొప్పవని నేననను. 'సారీ భాయ్' నాకు ఎక్కలేదు, పైగా పాపం అది 26/11 దాడులు మొదలైన రెండు రోజులకి థియేటర్లకొచ్చింది. అన్నకి కాబోయే భార్యని తమ్ముడు ప్రేమించే కథ అది. ఆయన తీసేవన్నీ గే సినిమాలే అనుకునేవాళ్ళ కోసం చెప్తున్నా.

తర్వాత 'ఐ యామ్'. నాలుగు కథలు. దీనికి డబ్బు పెట్టింది ఏ పెద్ద నిర్మాతో కాదు, దేశవిదేశాల నుంచి తలా కొంత వేసుకున్న నాలుగొందల మందికి పైగా మామూలు మనుషులు. చివరి కథలో ఇద్దరు మగవాళ్ళని పట్టుకున్న పోలీసు 377 పేరు చెప్పి డబ్బు గుంజుతాడు, చేయకూడని అవమానం చేస్తాడు. చూడనివాళ్ళ కోసం మిగతాది చెప్పను. ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ అవార్డు ఇచ్చారు. అంటే ఈ కథలో నిజముందని ఢిల్లీకి కూడా తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో స్వలింగ ప్రేమ నేరం కాదని తేలింది. 2020లో మేజర్ జె. సురేష్ తాను గేనని, సైన్యం వదిలేశానని బయటికి చెప్పాడు. ఆ స్ఫూర్తితో ఓనిర్ ఒక కథ రాసుకున్నాడు. ఈలోగా సైన్యం మీద సినిమా తీస్తే రక్షణ శాఖ నుంచి ఎన్‌ఓసీ, అంటే 'మాకు అభ్యంతరం లేదు' అనే కాగితం, తెచ్చుకోవాలన్నారు. బుద్ధిగా స్క్రిప్టు పంపాడు. 2022లో కుదరదన్నారు. పార్లమెంటులో అడిగితే చెప్పిన కారణం ఏంటో తెలుసా? కశ్మీర్‌లో పనిచేసే సైనికుడు అక్కడి కుర్రాణ్ణి ప్రేమించినట్టు చూపిస్తే సైన్యం పరువుకి దెబ్బట, పైగా భద్రతా సమస్యట.

అదే ఏడాది ఆగస్టులో మనమంతా 'సీతారామం' చూసి కళ్ళు తుడుచుకున్నాం. అందులోనూ కశ్మీర్‌లో డ్యూటీ చేసే లెఫ్టినెంటే, ఉత్తరాలు చదువుకుంటూ ప్రేమలో మునిగిపోయాడు. ఎవరి పరువూ పోలేదు, ఏ సరిహద్దూ కదల్లేదు. ఆ సినిమా నాకూ చాలా ఇష్టం. కానీ రామ్ ప్రేమకి లేని భద్రతా సమస్య ఈ మేజర్ ప్రేమకి ఎక్కడినుంచి వచ్చింది?

నేరమైన రోజుల్లో సినిమా హాలుదాకా వెళ్ళింది. నేరం కాని రోజుల్లో కాగితం మీదే ఆగిపోయింది. దీన్ని ప్రగతి అనమంటే నా వల్ల కాదు.

పెద్ద హీరో ఎవరైనా గే పాత్ర వేస్తే "ఎంత ధైర్యం" అని పొగడ్తలు, అవార్డులు. మన తెలుగు సినిమాల్లో అయితే ఆ పాత్ర చెయ్యి తిప్పుకుంటూ వస్తే చాలు, జోకు రాసే పని కూడా ఉండదు. ఓనిర్ మాత్రం తన 'పైన్ కోన్' సినిమాకి బాహాటంగా గే అని చెప్పుకున్న కుర్రాణ్ణే ప్రధాన పాత్రకి తీసుకున్నాడు. ముంబైలో ఎల్‌జీబీటీ సినిమాల పండగ కశిష్ ఫెస్టివల్ 2023లో ఆ సినిమాతోనే మొదలైంది.

"ఇది మన సంస్కృతి కాదు" అని టైప్ చేయడానికి వేళ్ళు దురద పెడుతున్నవాళ్ళు ముందు 'నిఖిల్' చూసి రండి. ఆ పూల్ సీన్‌లో మీరు నీళ్ళలో ఉంటారో గట్టు మీద ఉంటారో చెప్పండి, తర్వాత తీరిగ్గా పోట్లాడుకుందాం.