సవరణ: పాకాల గట్టు మీది చెత్త ఒక్క కాలేజీ పిల్లలది కాదు

పోయిన వారం వరంగల్ జిల్లా పాకాల చెరువు గట్టు మీది చెత్త గురించి రాస్తూ "ఇదంతా కాలేజీ పిల్లల పనే" అన్నాను. అది తప్పు. చిప్స్ కవర్లు, కూల్ డ్రింక్ సీసాలు చూసి వయసు ఊహించాను తప్ప, పడేసినవాళ్లను చూడలేదు.

నిన్న ఆదివారం మళ్లీ వెళ్లి చీకటి పడేదాకా కూర్చున్నాను. వండుకు తినడానికి వచ్చిన కుటుంబాలు ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు చెట్ల కింద అట్లనే వదిలేసి ఆటోలు ఎక్కాయి. వాళ్లలో ఎక్కువమంది నా ఈడువాళ్లే, యాభై దాటినవాళ్లు. ఒక పెద్దాయన పూజ పూలను కవరుతో సహా నీళ్లలోకి విసిరారు. పక్కనే చిన్న మనవడు చూస్తున్నాడు. నాకు మనసు కలుక్కుమంది. కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దంలో కట్టిన చెరువు ఇది, ఈనాటికీ పొలాలకు నీళ్లిస్తోంది. కుర్రాళ్లు కూడా సీసాలు వదిలారు, అదీ నిజమే.

ఇంకొకటి. ఇలాంటి ప్లేట్లను నిషేధించాలని రాశాను. ఆ నిషేధం 2022 జులై 1 నుంచే దేశమంతా ఉంది. గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు కూడా అందులోకే వస్తాయి.

పాత పోస్టులో ఆ రెండు మాటలూ తీసేశాను. నొచ్చుకున్న పిల్లలు నన్ను క్షమించాలి.