కంపెనీ పేరు కొట్టేశారు, మరి జీతం బాకీ ఎవరిది?

"రిటర్నులు వేయకండి సార్, ఖర్చు దండగ. రెండేళ్లు ఊరుకుంటే ఆర్‌ఓసీ వాళ్లే కొట్టేస్తారు." కంపెనీ నడపలేక చేతులెత్తేసిన వాళ్లకి ఈ సలహా ఇచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆర్‌ఓసీ అంటే కంపెనీల రిజిస్ట్రార్. వాళ్ల రిజిస్టర్‌లోంచి కంపెనీ పేరు కొట్టేస్తారు, నిజమే. కొట్టేశాక ఎవరి మీద ఏం పడుతుందో మాత్రం చెప్పరు. అది చెబుదామనే రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపిక చేసుకుని చదవండి.

2013 కంపెనీల చట్టంలో 248వ సెక్షన్ ఉంది. కంపెనీ పుట్టిన ఏడాదిలోపు వ్యాపారం మొదలుపెట్టకపోయినా, వరుసగా రెండు ఆర్థిక సంవత్సరాలు వ్యాపారం లేకుండా ఉండి డార్మెంట్ (నిద్రాణ కంపెనీ) హోదాకి దరఖాస్తు చేసుకోకపోయినా రిజిస్ట్రార్ నోటీసు ఇస్తారు. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే పబ్లిక్ నోటీసు, ఆ తర్వాత గెజిట్‌లో ప్రకటన. దాంతో కంపెనీ రద్దు. 2017లో ఒక్క ఊపున 2 లక్షలకు పైగా కంపెనీల పేర్లు ఇలా తీసేశారు. నల్లడబ్బు తిప్పే డొల్ల కంపెనీలను ఏరేస్తున్నామన్నారు. ఏరేయాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ జాబితాలో కాగితాల విషయంలో అశ్రద్ధ చేసిన మామూలు కంపెనీలు కూడా కొట్టుకుపోయాయి. తర్వాత ఎన్‌సీఎల్‌టీకి, అంటే కంపెనీల తగాదాలు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్లి పేరు మళ్లీ ఎక్కించుకున్న కంపెనీలే దానికి సాక్ష్యం.

పేరు పోగానే మొదట దెబ్బ తగిలేది బ్యాంకు ఖాతాకి. డబ్బు కనిపిస్తుంది, తీయలేరు. రావాల్సినవి వసూలు చేసుకోవడానికి, బాకీలు తీర్చడానికి మాత్రం కంపెనీ ఇంకా ఉన్నట్టే లెక్క అని 250వ సెక్షన్ చెబుతోంది. చట్టం చదవడానికి బాగానే ఉంటుంది. కౌంటర్ దగ్గర కూర్చున్న బ్యాంకు ఉద్యోగికి కనిపించేది సిస్టమ్‌లో ఉన్న ఫ్రీజ్ ఒక్కటే. ట్రిబ్యునల్ ఆర్డర్ తెమ్మంటాడు. అతన్ని నేను తప్పుపట్టను, అతని ఉద్యోగం అతను చూసుకోవాలి కదా.

డైరెక్టర్ల సంగతి ఇంకోటి. వరుసగా మూడేళ్లు వార్షిక రిటర్నులు గానీ ఆర్థిక నివేదికలు గానీ దాఖలు చేయకపోతే, ఆ కంపెనీలో డైరెక్టర్‌గా ఉన్నవాళ్లు ఐదేళ్లపాటు ఏ కంపెనీలోనూ డైరెక్టర్‌గా నియామకానికి అనర్హులు. మన దగ్గర కంపెనీ పెట్టేటప్పుడు రెండో డైరెక్టర్‌గా ఎవర్ని పెడతారో అందరికీ తెలుసు. భార్యనో, రిటైరైన నాన్ననో, చెల్లెలినో. "ఊరికే సంతకం, ఏం కాదు" అంటారు. ఆ చెల్లెలు నాలుగేళ్ల తర్వాత తన సొంత కంపెనీ పెట్టుకోవడానికి వెళ్తే ఆమె డిన్ (డైరెక్టర్‌కి ఇచ్చే గుర్తింపు నంబరు) పనికిరాదని అక్కడ తేలుతుంది. తను ఒక్క రోజు కూడా అడుగుపెట్టని కంపెనీ వల్ల! 2017లో లక్షల మంది డైరెక్టర్లు ఈ అనర్హత జాబితాలోకి ఎక్కారు. వాళ్లలో ఇలాంటి పేరుకు డైరెక్టర్లు ఎంతమందో ఎవరు లెక్కపెట్టారు?

అయినా డైరెక్టర్ ఎక్కడో ఒకచోట సంతకం పెట్టాడు, కనీసం నోటీసు అతని ఇంటికి వస్తుంది. ఏ సంతకమూ పెట్టని ఉద్యోగి గురించే నా బాధంతా.

నాకు తెలిసిన ఒకమ్మాయికి మంచి ఉద్యోగం వచ్చింది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆగింది. అంతకుముందు మూడేళ్లు పనిచేసిన కంపెనీ పేరు ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లో వెతికితే స్టేటస్ దగ్గర "స్ట్రైక్ ఆఫ్" అని వస్తోంది. పాత ఆఫీసు ఫోన్ పనిచేయదు. ఎక్స్‌పీరియన్స్ లెటర్ మీద సంతకం పెట్టే మనిషి లేడు. పీఎఫ్ ఖాతాలో తండ్రి పేరులో ఒక అక్షరం తప్పు పడింది, అది సరిచేయాలంటే అప్పట్లో యజమాని ఆమోదం కావాల్సి వచ్చింది. మూతపడిన సంస్థల వాళ్లకి వేరే పద్ధతి ఉంది, గెజిటెడ్ ఆఫీసర్ లాంటి వాళ్ల చేత సంతకం చేయించి ఇవ్వాలి. కొత్త ఉద్యోగానికి గడువు దగ్గర పడుతుంటే ఆ పిల్ల ఆ సంతకం కోసం తిరిగింది. ఆఖరి రెండు నెలల జీతం రాలేదన్న సంగతి తలుచుకునే తీరిక కూడా లేదు తనకి. "కంపెనీ తీసేశారని నాకెవరూ చెప్పలేదండీ" అంది.

నిజమే, ఎవరూ చెప్పరు. రూల్స్ తీసి చూడండి. పేరు తీసేసే ముందు రిజిస్ట్రార్ ఆదాయపు పన్ను, ఎక్సైజ్, సర్వీస్ ట్యాక్స్ అధికారులకు పేరుపేరునా తెలియజేసి అభ్యంతరాలుంటే చెప్పమని అడగాలి. ఉద్యోగికి విడిగా నోటీసు పంపాలని మాత్రం లేదు. అతను గెజిట్ చూసుకోవాలి, పేపర్లో ప్రకటన వెతుక్కోవాలి. గెజిట్ చదివే ఉద్యోగిని నేనింతవరకు చూడలేదు.

ఇది మరోలా చేయలేని పనేం కాదు. బ్రిటన్‌లో కంపెనీ తనంతట తాను పేరు తీసేయమని దరఖాస్తు పెట్టుకుంటే, 7 రోజుల్లోగా దాని కాపీ ఉద్యోగులకీ అప్పులిచ్చిన వాళ్లకీ ఇవ్వాలని వాళ్ల 2006 చట్టంలోనే ఉంది. ఇవ్వకపోతే నేరం. అక్కడా ఎగ్గొట్టేవాళ్లు లేకపోలేదు. కోవిడ్ అప్పులు తీసుకుని కంపెనీలు రద్దు చేసుకున్న వాళ్ల మీద విచారణకి 2021లో ప్రత్యేకంగా చట్టం తేవాల్సి వచ్చింది. కానీ తెలుసుకునే హక్కు ఉద్యోగికి ఉందని ముందు ఒప్పుకున్నారు కదా, అది చాలా పెద్ద తేడా.

"కంపెనీయే లేదు, ఇంక బాకీ ఏంటి" అనే యజమానులకి ఒక మాట. 248వ సెక్షన్ ఏడో ఉపసెక్షన్ చదవండి. డైరెక్టర్లకీ సభ్యులకీ అప్పటికే ఉన్న బాధ్యత, కంపెనీ రద్దు కానట్టే కొనసాగుతుంది. కంపెనీ అప్పులన్నీ మీ నెత్తిన పడతాయని కాదు, మీది అయినది మిమ్మల్ని వదలదని. జీతంలోంచి పీఎఫ్ కోసి కట్టకపోవడం నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు. ప్రైవేటు కంపెనీ కట్టని ఆదాయపు పన్నుకి డైరెక్టర్లను వ్యక్తిగతంగా పట్టుకునే సెక్షన్ కూడా ఉంది. నిజాయితీగా మూయాలనుకుంటే దారి ఉంది: బాకీలన్నీ తీర్చి, ప్రత్యేక తీర్మానమో 75 శాతం వాటా ఉన్న సభ్యుల అంగీకారమో తీసుకుని, 10,000 రూపాయల ఫీజుతో ఎస్‌టీకే-2 ఫారం వేయడం. ఆ దారిలో పొండి.

ఉద్యోగికీ ఒక హక్కు రాసిపెట్టారు. గెజిట్ ప్రకటన వచ్చిన 20 ఏళ్లలోపు, నష్టపోయిన కార్మికుడైనా అప్పు ఇచ్చినవాడైనా ఎన్‌సీఎల్‌టీకి వెళ్లి కంపెనీని తిరిగి రిజిస్టర్‌లోకి ఎక్కించమని అడగొచ్చు. రెండు నెలల జీతం కోసం లాయర్‌ని పెట్టుకుని ట్రిబ్యునల్‌కి ఎవరెళ్తారు చెప్పండి? వచ్చేదాని కంటే పోయేదే ఎక్కువ.

అందుకే పేరు కొట్టేశాక కాదు, కొట్టేయకముందే ఆపాలి. బాకీలు తీర్చడానికి తగిన ఏర్పాటు ఉందని రిజిస్ట్రార్ నమ్మకం కుదిరాకే పేరు తీయాలని అదే 248లో ఉంది. పీఎఫ్ బకాయి చూడకుండా ఆ నమ్మకం ఎలా కుదురుతుంది? పన్ను శాఖలకి వెళ్లే లేఖ పీఎఫ్ ఆఫీసుకీ వెళ్లాలి. ఆ కంపెనీ కోడ్ కింద ఉన్న ప్రతి యూఏఎన్‌కి (ఉద్యోగి పీఎఫ్ నంబరుకి) తెలుగులోనో వాళ్ల భాషలోనో ఒక ఎస్సెమ్మెస్ పోవాలి: మీ కంపెనీ పేరు తీసేయబోతున్నాం, మీకేమైనా రావాల్సి ఉంటే ఇక్కడ చెప్పండి అని. ఫోన్ నంబర్లు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. అభ్యంతరాలకి ఇచ్చే 30 రోజుల గడువు ఆ ఎస్సెమ్మెస్ వెళ్లిన రోజు నుంచే లెక్కపెట్టాలి.