సముద్రాన్ని కొలవడం ఆపొద్దు

ఖజానాకు కటకట వచ్చినప్పుడల్లా ప్రభుత్వాల కత్తెర ముందుగా పడేది, ఫలితం వెంటనే కంటికి కనిపించని పనుల మీదే. తీర సముద్రాల్లో నీటి వేడిని, లవణీయతను, నీటిలో తేలియాడే సూక్ష్మజీవులైన ప్లవకాలను, చేపల రాకపోకలను ఏళ్ల తరబడి నమోదు చేసే పరిశోధనలకు ఆ జాబితాలో స్థానం ఎప్పుడూ ఖాయం. కొత్త పరిశోధన నౌకను జలప్రవేశం చేయిస్తామంటే మంత్రులు తరలివస్తారు. అదే చోట, అదే పద్ధతిలో, నెలనెలా నీళ్లు తోడి చూసే కార్యక్రమానికి రిబ్బన్ కత్తిరించేదెవరు? సంరక్షణ పేరిట సముద్ర పటాల మీద గీతలు గీయడంలో పాలకులు చూపే ఉత్సాహంలో నాలుగో వంతు ఈ కొలతల మీద పెట్టినా తీరాలకు అంతకన్నా ఎక్కువ మేలు జరుగుతుందని మేము నమ్ముతున్నాం.

బ్రిటన్ జీవశాస్త్రవేత్త ఆలిస్టర్ హార్డీ 1920లలో ఓ పరికరాన్ని రూపొందించారు. ఓడ వెనకాల తాడుకు కట్టి లాగితే, నీటిలోని ప్లవకాలు అందులోని పట్టు గుడ్డకు చిక్కుకుంటాయి. ఆ గుడ్డ మెల్లగా చుట్టుకుంటూ, నమూనాలను పాడవకుండా ఉంచే ఫార్మాలిన్‌లోకి చేరుతుంది. దాన్ని లాక్కెళ్లేవి మామూలు సరకు నౌకలే కాబట్టి ఖర్చూ తక్కువ. హెర్రింగ్ చేపల వేటకు ఆధారం దొరుకుతుందన్న ఆశతో 1931లో ఉత్తర సముద్రంలో మొదలైన ఆ సర్వే, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆగిందే తప్ప, నేటికీ సాగుతోంది. చివరికి అది బయటపెట్టిన సంగతులు హెర్రింగ్‌ను దాటి చాలా దూరం వెళ్లాయి. ఈశాన్య అట్లాంటిక్‌లో వెచ్చని నీటి కోపెపాడ్‌లు (చేపపిల్లలకు మేతయ్యే, రొయ్యల కోవకు చెందిన అతిచిన్న ప్లవకాలు) నాలుగు దశాబ్దాల్లో దాదాపు 10 డిగ్రీల అక్షాంశం మేర ఉత్తరానికి జరిగాయని 2002లో తేలింది. ఉత్తర సముద్రంలో చల్లనీటి కోపెపాడ్ తగ్గి, వెచ్చదనాన్ని ఇష్టపడే దాని దగ్గరి జాతి ఆ చోటును ఆక్రమించింది. పాత జాతి వసంతంలో విరివిగా దొరికేది, కొత్తది శరత్తులో పెరుగుతుంది. మేత అవసరమైన వేళకు కాడ్ చేపపిల్లల నోటికి అందకుండా పోయింది.

అంతకన్నా ఆశ్చర్యం, 2004లో కొందరు పరిశోధకులు భద్రపరచిన పాత గుడ్డలను తిరగేసి, సూక్ష్మ ప్లాస్టిక్ 1960ల నుంచీ పెరుగుతూ వచ్చిందని రుజువు చేయడం. ఆ నమూనాలు తీసిన నాడు సముద్రంలో ప్లాస్టిక్ పీచుల సంగతి అడిగినవారే లేరు. దాచినందుకు చోటు దండగ అని ఏ అధికారైనా వాటిని పారేయించి ఉంటే ఆ ప్రశ్నకు ఇక జవాబు ఉండేది కాదు. ఇంతటి సర్వే కూడా 1980ల చివర్లో నిధుల్లేక మూతపడే అంచుదాకా వెళ్లింది. ఇంగ్లిష్ చానెల్‌లో 1903లో మొదలైన మరో పరిశీలన అంత అదృష్టానికి నోచుకోలేదు. 1980లలో ఆగిపోయి, మళ్లీ 2002లో గానీ కొనసాగలేదు. ఆ ప్రాంతపు సముద్రం వేగంగా వేడెక్కడం మొదలైన కాలం సరిగ్గా ఆ ఖాళీలోనే పడిపోయింది. ఇప్పుడెన్ని కోట్లు పోసినా ఆ ఏళ్ల నీటిని మళ్లీ తోడలేం.

కొలతలుంటే చాలునా అంటే, చాలవు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ నిల్వలను లెక్కకట్టేందుకు శాస్త్రవేత్తలు ఉన్నారు, అంకెలు ఉన్నాయి. ఆ అంకెల్లో చాలా భాగం మాత్రం పెద్ద ట్రాలర్లు ఎంత పడుతున్నాయన్న దాని నుంచి వచ్చింది. సంఖ్య తగ్గేకొద్దీ చేపలు ఒకచోట గుమిగూడాయి, ధ్వని తరంగాలతో చేపలను గుర్తించే సోనార్ సాయంతో ట్రాలర్లు ఆ గుంపులనే వెతికి పట్టాయి, కాగితం మీద మాత్రం సముద్రం నిండుగా కనిపించింది. మాకు చేప దొరకడం లేదని ఒడ్డుకు దగ్గరగా వేటాడే చిన్న పడవలవాళ్లు మొత్తుకున్నా వినిపించుకున్నవారు తక్కువ. 1992 జులై 2న వేటను నిషేధించారు. సుమారు 30 వేలమంది ఉపాధి పోయింది. రెండేళ్లన్న నిషేధం 2024 దాకా తొలగలేదు. వేటతో ప్రమేయం లేని స్వతంత్ర సర్వే, రోజూ వల వేసేవారి మాట, రెండూ లెక్కలోకి రావాలని ఆ తీరం ఇంత మూల్యం చెల్లించి నేర్చుకుంది.

పాత లెక్క లేకపోతే పోగొట్టుకున్నది ఎంతో కూడా తెలియదు. ప్రతి తరమూ తాను చూసిన సముద్రాన్నే సహజమని భావిస్తుందని మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1995లోనే హెచ్చరించారు. అమెరికాలోని కీ వెస్ట్‌లో సరదా వేటకు వెళ్లినవారు పెద్ద చేపల పక్కన నిలబడి దిగిన ఫొటోలను ఒక పరిశోధన పోల్చిచూసింది. 1956లో సగటున 19.9 కిలోలున్న చేప 2007 నాటికి 2.3 కిలోలకు దిగజారింది. ఫొటోల్లో నవ్వులు మాత్రం ఏమీ తగ్గలేదు!

2030 నాటికి సముద్రాల్లో 30 శాతాన్ని రక్షిత ప్రాంతాలుగా చేస్తామని ప్రపంచ దేశాలు 2022లో కున్మింగ్-మాంట్రియల్ ఒప్పందంలో మాటిచ్చాయి. లక్ష్యం మంచిదే. ఐరోపాలో రక్షిత ప్రాంతాలుగా ముద్రపడిన చాలాచోట్ల సముద్రపు అడుగున వలలు ఈడ్చే ట్రాలింగ్ యథేచ్ఛగా సాగుతున్న తీరు చూస్తే, శాతాల వేటలో అసలు పని మొక్కుబడి అవుతుందన్న భయం కలుగుతుంది. మెక్సికోలోని కాబో పుల్మో ఇందుకు భిన్నం. 1995లో జాతీయ పార్కుగా ప్రకటించిన అక్కడ వేటకు స్వస్తిచెప్పి, నిఘా వేసింది ఊరివాళ్లే. 1999 నుంచి 2009 మధ్య చేపల జీవద్రవ్యరాశి, అంటే మొత్తం బరువు, 463 శాతం పెరిగింది. ఈ అంకె మన చేతికి అందిందంటే 1999లో ఎవరో నీళ్లలోకి దిగి లెక్కపెట్టబట్టే.

పరిశోధనలకు నిధులేమో మూడేళ్లకో అయిదేళ్లకో వస్తాయి. సముద్రం ఆ గడువులకు కట్టుబడదు. కాలిఫోర్నియా తీరంలో సార్డిన్ వేట కుప్పకూలాక 1949లో మొదలుపెట్టిన సర్వే ఇంకా నడుస్తోంది. అక్కడి అడుగు బురదలో దొరికిన పొలుసులను బట్టి సార్డిన్లు పెరిగి తరిగే ఒడుదొడుకులు దశాబ్దాల తరబడి సాగుతాయని, వేట ముమ్మరం కాక ముందు నుంచీ అవి ఉన్నాయని తేలింది. తగ్గుదలలో వలల పాత్ర ఎంత, సముద్రపు లయ ఎంత అన్నది అయిదేళ్ల ప్రాజెక్టుకు అంతుచిక్కే విషయం కాదు.

కాబట్టి దీర్ఘకాల పరిశీలనలను ప్రాజెక్టుల పద్దు నుంచి తప్పించి, వాతావరణ కేంద్రాల మాదిరిగా శాశ్వత వ్యయంగా చూపాలి. నమూనాల భద్రతకు, సమాచారాన్ని అందరికీ అందుబాటులో ఉంచేందుకు కేటాయింపులు విడిగా ఉండాలి. చిన్న పడవల మత్స్యకారులు రాసి ఇచ్చే లెక్కలకు చోటు కల్పించి, అందుకు పట్టే వేళకు ప్రతిఫలం చెల్లించాలి. ఏ రక్షిత ప్రాంతాన్ని ప్రకటించినా, తొలి లెక్క ఎప్పుడు తీశారు, తర్వాతి లెక్క ఎప్పుడు, దానికి డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందన్నది ఆ ఉత్తర్వులోనే ఉండాలి. ఆ మూడూ లేని ప్రాంతాన్ని 30 శాతంలో కలపకూడదు.