స్టేట్ బిర్యానీ ఆఫ్ హైదరాబాద్

ఎంబీఏ చదవడం కష్టమని అందరూ అంటారు గానీ, ఎవరికి కష్టమో ఎవరూ చెప్పరు. ఐసెట్ రాయడం, కౌన్సెలింగ్‌లో సీటు తెచ్చుకోవడం, రెండేళ్లలో నాలుగు సెమిస్టర్లు గట్టెక్కడం పిల్లల వంతు. మొదటి ఏడాది అకౌంట్స్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, మార్కెటింగ్, ఫైనాన్స్, హెచ్‌ఆర్ అన్నీ తలా కాస్త రుచి చూపిస్తారు. రెండో ఏడాది ఏదో ఒక స్పెషలైజేషన్ పట్టుకోవాలి. హాజరు 75 శాతం ఉండాలి. మా మేనల్లుడి హాజరు సంగతి కాలేజీ క్యాంటీన్ వాణ్ణి అడిగితే తెలుస్తుంది. ఇదంతా వాడి తంటా. చివర్లో ప్రాజెక్టు అని ఒకటుంది చూశారూ, అది మాత్రం చుట్టపక్కాల తంటా.

మావాడు తీసుకున్న అంశం 'హైదరాబాద్ బిర్యానీ సెంటర్లలో వినియోగదారుల సంతృప్తి'. శాంపిల్ సైజు వంద. అంటే వంద మంది కస్టమర్లను కలిసి ప్రశ్నలు అడిగి రావాలి. వాడు మా అపార్ట్‌మెంట్ గేటు దాటలేదు. ప్రతి ప్రశ్నకూ ఐదు గళ్లు, 'పూర్తిగా అంగీకరిస్తాను' దగ్గర్నుంచి 'అసలు అంగీకరించను' దాకా. లైకర్ట్ అనే ఆయన 1932లో కనిపెట్టిన పద్ధతట. ఆయనకి మా రెండో అంతస్తు పిన్నిగారు తగల్లేదు. ఉల్లిపాయ కూడా ముట్టని ఆవిడ, 'మటన్ ముక్క మెత్తగా ఉడికింది' అన్నదానికి 'పూర్తిగా అంగీకరిస్తాను' గడిలో టిక్కు పెట్టారు. అదేంటండీ అంటే, "పిల్లాడి చదువు కదా, కాదంటే మార్కులు తగ్గిస్తారేమోనని" అన్నారు.

మిగిలిపోయిన కాగితాలు వాచ్‌మన్ నింపాడు. రాత ఒకేలా ఉంటే దొరికిపోతామని మావాడు నీలం, నలుపు, ఆకుపచ్చ పెన్నులు మార్చి మార్చి ఇచ్చాడు. నెల ఆదాయం అడిగినచోట ప్రతి కాగితంలోనూ అన్నిటికన్నా పెద్ద గడే ఎంచుకున్నాడు వాచ్‌మన్. ఇదేంటయ్యా అన్నాను. "రాతలోనన్నా ఉండనీయండి సార్" అన్నాడు.

లెక్కల చాప్టరు, సూచనల చాప్టరు వాడే రాసుకున్నాడు. పేజీకో టేబుల్, దాని కింద రంగురంగుల పై చార్టు, దాని కింద వివరణ: '68 శాతం మంది అవునన్నారు, 32 శాతం మంది కాదన్నారు. కావున ఎక్కువ మంది అవునన్నట్లు తెలియుచున్నది.' ఈ వాక్యం లేకుండా ఎవరికీ ఎంబీఏ పట్టా ఇవ్వరనుకుంటాను.

ఇక పరిచయం, పరిశ్రమ చరిత్ర లాంటి చాప్టర్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ డీటీపీ సెంటర్ కంప్యూటర్లో ఏడాది పొడుగునా సిద్ధంగా ఉంటాయి. 1908లో ఎంబీఏ మొదలుపెట్టిన హార్వర్డ్ వాళ్లకి ఈ సౌకర్యం లేదు పాపం. అక్కడ మావాడికి బ్యాంకుల మీద ఎవరో సీనియర్ చేసిన ప్రాజెక్టు దొరికింది. యూజీసీ 2018 రూల్స్ ప్రకారం ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే దిద్దుకుని రమ్మంటారని వీడికి టెన్షన్. డీటీపీ కుర్రాడు అభయమిచ్చి, 'బ్యాంక్' అని ఉన్నచోటల్లా 'బిర్యానీ' పడేలా ఒక్క నొక్కు నొక్కాడు.

సబ్మిషన్ ముందురోజు సాయంత్రం "మామయ్యా, స్పెల్లింగులు చూసిపెట్టవా" అని ఆ కాగితాల కట్ట నా ఒళ్లో పడేశాడు.

'రిజర్వ్ బిర్యానీ ఆఫ్ ఇండియా 1935 ఏప్రిల్ 1న ప్రారంభమైనది.' కళ్లద్దాలు తుడుచుకున్నాను. '1969 జూలై 19న ఇందిరాగాంధీ ప్రభుత్వం 14 పెద్ద బిర్యానీలను జాతీయం చేసింది. 1980లో మరో 6 బిర్యానీలు ప్రభుత్వపరమయ్యాయి.' పల్లెల్లో రైతులకు అప్పులివ్వడానికి 1975లో గ్రామీణ బిర్యానీలు వచ్చాయి. దివాలా తీసినవాళ్ల కోసం 2016లో వచ్చిన చట్టం 'ఇన్‌సాల్వెన్సీ అండ్ బిర్యానీరప్ట్సీ కోడ్'. సమాజ సేవ పేజీలో ఉద్యోగులందరూ ఏటా బ్లడ్ బిర్యానీకి తరలివెళ్తున్నారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అసలు దెబ్బ తర్వాతి పేజీలో ఉంది. '1941లో నిజాం రాజ్యంలో ఏర్పడిన హైదరాబాద్ స్టేట్ బిర్యానీ, ఉస్మానియా సిక్కా అనే నిజాం రూపాయల వ్యవహారాలు చూసేది. అదే తర్వాత స్టేట్ బిర్యానీ ఆఫ్ హైదరాబాద్‌గా మారి, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బిర్యానీ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది.' గన్‌ఫౌండ్రీలో ఆ బ్యాంకు హెడ్డాఫీసు మెట్లు ఎక్కీ దిగీ జుట్టు నెరిసినవాణ్ణి నేను. విలీనం రోజున కూడా ఇంత బాధ పడలేదు. మా ఆవిడ మాత్రం, "పోన్లెండి, ఏం ఉద్యోగం చేశారో ఇన్నాళ్లకి అర్థమైంది. మరి ఒక్కరోజూ ఇంటికి పార్సిల్ తేలేదేం?" అంది.

మావాడు దిల్‌సుఖ్‌నగర్ పరిగెత్తాడు. షట్టరు సగం దించేశారట. ఫోన్లో ఆ కుర్రాడి గొంతు నాకు వినిపిస్తూనే ఉంది: "గిదేం పెద్ద పనన్నా, ఉల్టా కొడ్తే అయిపాయె!"

ఉల్టా కొట్టాడు. మావాడు మొదటి చాప్టరు తిప్పి చూసుకున్నాడు. రిజర్వ్ బ్యాంకు రిజర్వ్ బ్యాంకే, ఇందిరాగాంధీ జాతీయం చేసినవి బ్యాంకులే. బిర్యానీ ప్రాజెక్టులో రిజర్వ్ బ్యాంకుకేం పని అన్నది ఆ టైములో అడగాల్సిన ప్రశ్న కాదు. "సెట్ అయింది మామయ్యా" అని, నల్ల రెగ్జిన్ అట్ట మీద బంగారు అక్షరాలు కొట్టించి మూడు కాపీలు బైండింగ్ చేయించుకుని వచ్చి పడుకున్నాడు.

పొద్దున చూస్తే అట్ట మీదే 'హైదరాబాద్ బ్యాంక్ సెంటర్లు' అని తళతళలాడుతోంది. లోపల వాడు సొంతంగా రాసుకున్న చాప్టర్లు ఇంకా బాగున్నాయి. 'దమ్ బ్యాంక్ కచ్చీ, పక్కీ అని రెండు రకాలు. కచ్చీ బ్యాంకులో పచ్చిమాంసాన్ని పెరుగు, మసాలాల్లో నానబెట్టి, పైన సగం ఉడికిన బియ్యం పరిచి, మూత చుట్టూ పిండి అంటించి దమ్ పెడతారు.' '74 శాతం మందికి ఫ్యామిలీ ప్యాక్ బ్యాంక్ నలుగురికి చాలడం లేదు.' సూచనల్లో మొదటిది, బ్యాంకుతో పాటు మిర్చీ కా సాలన్ అడక్కుండానే ఇవ్వాలి.

విప్పి మళ్లీ కుట్టించే టైము లేదు. అలాగే ఇచ్చేశాడు.

వైవాకి బయటి కాలేజీ నుంచి ఓ పెద్దాయన వచ్చారట. పుస్తకం మధ్యకి తెరిచి, వేలు పెట్టి పైకే చదివారట: 'రాత్రి పది దాటితే బ్యాంక్ చల్లారిపోతోందని, ఎంత పిలిచినా కౌంటర్లో పలికేవాడు లేడని 61 శాతం కస్టమర్లు ఫిర్యాదు చేశారు.'

కాసేపు అలాగే చూసి, కళ్లజోడు పైకి తోసుకుని అడిగారట.

"ఏ బ్రాంచి బాబూ?"

"టోలీచౌకి, సార్."

"అనుకున్నా" అని మార్కులు వేసేశారట.